తోలులోని ముప్పేట పగ్గము



పిడుగురాళ్లలో సున్నపు బట్టీ నెరుగనివారు లేరు. తోళ్లు పదును చేయువారికిని సున్నమే మొదటి సాధనము. పచ్చి తోలును సున్నపు నీట నానవేసిన, వెంట్రుక కుదురు సడలి ఊడిపోవును, తోలు నిలుచును. రెండును మాంసకృత్తులే. వెంట్రుకలోనిది కెరాటిన్, తోలులోనిది కొల్లాజెన్. గుణభేదమునకు అణునిర్మాణ భేదమే కారణము.

కొల్లాజెన్ మన చర్మమునను, ఎముకలలోను, కండను ఎముకకు బంధించు స్నాయువులలోను కలదు. దాని నిర్మాణమును మదరాసు విశ్వవిద్యాలయమున ఆచార్య జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954, 1955 సంవత్సరములలో వెల్లడించిరి. పొరుగుననున్న కేంద్ర తోళ్ల పరిశోధనాలయము ద్వారా వారికి కంగారూ తోక స్నాయువు లభించెను. తెనాలి ప్రాంతపు యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు 1958లో ఆ పరిశోధనాలయమునకే అధిపతులైరి.

అణువు కంటికి కానరాదు. స్నాయువు గుండ ఎక్స్ కిరణములను పంపిన, ఫిల్ముపై చుక్కలు, చాపములు పడును. వాని దూరములను కొలిచి, దానికి సరిపడు నమూనాను నిర్మించి సరిచూడవలెను. అట్లు తేలినదేమనగా, కొల్లాజెన్ ముప్పేట పగ్గము. ఒక్కొక్క పేట ఎడమకు మెలి తిరిగియుండ, మూడును కలిసి కుడికి పెనగొనును. ఎదురుపురి లేనిదే పగ్గము నిలువదని త్రాళ్లు పేనువా రెరుగుదురు. తోలును నీట కాచినచో ఆ పురి విడిపోయి జిగురగును.

1955లోనే కేంబ్రిడ్జిలో రిచ్, క్రిక్ అనువారు, గ్లైసిన్ అను అమైనో ఆమ్లమును మాత్రమే గొలుసుగా కూర్చిన కృత్రిమ పదార్థపు నిర్మాణము ననుసరించి, పేటల నడుమ బంధములను సవరించిరి.

పేటల నడుమ చోటు మిక్కిలి ఇరుకు. అమైనో ఆమ్లములలో అన్నిటికంటె చిన్నదగు గ్లైసిన్ మాత్రమే అందు ఇముడును. కావుననే ప్రతి మూడవ స్థానము దానిదే. ఒక్కచోట పెద్దది చేరినను పగ్గము చెడవచ్చును. అట్టి లోపముతో పుట్టిన కొందరు శిశువుల ఎముకలు చిన్న తాకిడికే విరుగును.

గ్రహణమునాడు తల్లి బయట తిరిగినదనియో, బిడ్డను జాగ్రత్తగా ఎత్తుకొనలేదనియో నిందించు నోళ్లు నేటికిని కలవు. తప్పు తల్లిది కాదు. కంటికి కానరాని పగ్గములో ఒక ముడి తప్పినది. ఆ బిడ్డకు వలసినది వైద్యము. ఆ తల్లికి వలసినది ఆదరణ. ఈ మాట ప్రతి గడపకును చేర్చుట ఇట్టి గ్రంథాలయముల పని.