బొప్పాయి గింజలో పోతు, పెంటి

నేడు నేను ముచ్చటింపబూనినది పెరటి బొప్పాయిని గూర్చి. దీనినే కొన్ని సీమలలో బొప్పాస యనియు, రాయలసీమలో పలుచోట్ల పరంగి యనియు అందురు. పరంగి యను పేరే ఇది పరదేశపు చెట్టని చాటుచున్నది. దీని పుట్టినిల్లు అమెరికా ఖండమునందలి ఉష్ణప్రదేశము. పదునారవ శతాబ్దమున ఐరోపా నావికుల వెంట మన దేశమునకు వచ్చినది. వచ్చి నాలుగువందల యేండ్లు దాటినను, నాటిన మొక్క కాయునా కాయదా యను సందేహము మాత్రము మనలను నేటికిని విడువలేదు.

ఉద్యోగము విరమించిన యేడు నేను సంతలో కొన్న యొక తీయని పండు గింజలు దాచి, పండ్రెండు మొక్కలు పెంచితిని. ఆరవ మాసమున పూత వచ్చినది. ఏడు చెట్లకు మూరెడేసి కాడలు వ్రేలాడి, వాని పొడవునను సన్నని పూలు గుత్తులు గుత్తులుగా పూచినవి. అయిదింటికి మాత్రము ఆకు మొదట, మ్రానునంటుకొని, బొద్దుమొగ్గలు తోచినవి. వ్రేలాడు గుత్తులవి పోతులు, బొద్దుమొగ్గలవి పెంటులు. తిని కూర్చుండువారికి ఇంత నీరు, ఎరువు ఏల యని ఆ యేడు పోతులను ఒక్క ఉదయమున నరికించితిని. అంతటితో నూరకుండక, గోడ కావలనున్న పొరుగు రైతునకును అదే బోధించితిని. అతడు నా పాఠశాలలో చదివినవాడు, నా మాట జవదాటడు. తన పెరటిలోని రెండు పోతులను ఆ సాయంకాలమే కొట్టివేసెను. ఆ చెట్ల పండ్లను అతని కోడలు వారపు సంతలో అమ్మి, ఇంటికి ఉప్పు పప్పు తెచ్చుకొనెడిది.

తరువాతి సంగతి చెప్పుటకు సిగ్గగుచున్నది. అప్పటికే ఉన్న కాయలు దిగిపోయిన పిదప, పూవు పూచుట, పచ్చబడి రాలుట, ఇదియే వరుస. రెండు పెరళ్ళలోను పిందె నిలువలేదు. ఆ కోడలు నన్ను నిందింపలేదు. ఒకనాడు ఖాళీ గంప చంకను పెట్టుకొని గోడయొద్ద నిలిచి, "పంతులుగారూ, చెట్లకి తెగులేమన్నా పట్టిందాండీ?" అని మాత్రము అడిగినది. ఆ తెగులును నేనే యని అప్పటికి నాకును తెలియదు.

తాటిచెట్లలో పోతుతాడు కాయదని మనము బాల్యమునుండి ఎరుగుదుము. బొప్పాయియు అట్టిదే. పోతు కాయదు గాని, దాని పుప్పొడి పెంటిపూవు నంటినగాని పిందె నిలువదు. ఆ పుప్పొడిని రాత్రివేళ సంచరించు రెక్కలపురుగులును, కొంత గాలియు చేర్చును. మా గోడ కిరువైపుల నున్న పోతులన్నింటిని నేనే పోగొట్టితిని. దగ్గరలో మరియొకటి లేదు.

పోతులను పూర్తిగా ఏరివేయుట పూర్వము గంజాయి సాగున నుండెడిది. ఆ మొక్కలలోను ఆడది వేరు, మగది వేరు. నేటి బంగ్లాదేశమునందలి నౌగాఁవ్ ప్రాంతమున మగ మొక్కలను పసిగట్టి పెరికివేయుటకు ప్రత్యేక పరీక్షకులుండిరని 1894 నాటి ప్రభుత్వసంఘపు నివేదికలో నున్నది. వారికి గింజ పట్టని ఆడపూత కావలెను గనుక అట్లు చేసిరి. మనకు పండు కావలెను. ఆ పంట నేడు 1985 నాటి చట్టముచే కట్టుబడినది గనుక ఆ ముచ్చట ఇంతటితో చాలు.

బొప్పాయిలో పోతు, పెంటి గాక మూడవ తెగయు కలదు. ఒకే పూవులో కేసరములును, అండాశయమును కూడియుండును. దీనిని ద్విలింగి యందము. దీనికి పోతుతో పని లేదు. పెంటిచెట్టు పండు సాధారణముగా గుండ్రము. ద్విలింగి పండు కోల. సంస్కృతమున భార్యకు మూడు లింగములందును పదములున్నవి. దార శబ్దము పుంలింగము, భార్య స్త్రీలింగము, కళత్రము నపుంసకము. బాలురకు ఇది చెప్పినప్పుడెల్ల తరగతి నవ్వెడిది. ఒక్క వస్తువునకు మూడు లింగములు పెరటిలోనే కలవని అప్పుడు ఎరిగియున్నచో ఆ పాఠము ఇంకను రక్తికట్టి యుండును.

ఇక గింజ విషయము. హవాయి దీవులలో స్టోరీ యనునతడును, దక్షిణాఫ్రికాలో హాఫ్‌మేయర్ యనునతడును, ఒకరితో నొకరికి పొత్తు లేకయే, 1938లో ఈ మర్మమును విప్పిరి. లింగము గింజలోనే నిర్ణయమై యుండును. అయితే అది మొక్కకు ఏ తల్లిదండ్రులు కలిగిరో దానినిబట్టి యుండును. పెంటిపూవునకు పోతు పుప్పొడి తగిలినచో గింజలలో సగము పోతులు, సగము పెంటులు. నా పండ్రెండింట ఏడును అయిదును వచ్చుటకు కారణమిదియే. పెంటిపూవునకు ద్విలింగి పుప్పొడి తగిలినచో సగము పెంటులు, సగము ద్విలింగులు. ద్విలింగి తన పుప్పొడితోనే కాచినచో మూడింట రెండుపాళ్ళు ద్విలింగులు, ఒకపాలు పెంటులు, పోతులు పుట్టవు. కావున పోతులు లేని తోటలోని కోలపండు గింజ మేలు. సంతలో కొన్న పండునకు తండ్రి యెవరో చెప్పువారు లేరు. నేడు పొట్లములలో అమ్ము రెడ్ లేడీ రకము సంకరము. పోతులు లేనిదే గాని, దాని పండు గింజలు దాచి నాటినచో తల్లి గుణములన్నియు పిల్లలకు రావు.

గింజను చూచి లింగము చెప్పవచ్చునని మా యూర కొందరందురు. నల్లని గింజ పోతట, నీట మునిగినది పెంటియట, నిలువువేరు మొక్క పోతట. నేను ఈ మూడింటిని పరీక్షించితిని. ఒక్కటియు నిలువలేదు. లేత ఆకునుండి జన్యుపదార్థము తీసి చెప్పు పరీక్ష ప్రయోగశాలలలో కలదు గాని, రెండు చెట్ల పెరటికి అది ఏనుగు నెక్కి పొరుగింటికి పోవుట వంటిది. పూత వచ్చువరకు ఓపిక పట్టుటయే మనకు దారి.

మరియొక చిక్కు కలదు. పెంటి యెప్పుడును పెంటియే. ద్విలింగి మాత్రము ఋతువునుబట్టి తడబడును. ఎండలు ముదిరినప్పుడు దాని పూలలో అండాశయము కుంచించుకొనిపోయి, కేవలము పోతుపూలవలె రాలును. చలి హెచ్చినప్పుడు కేసరములే అండాశయమున కలిసి, కాయ మడతలు పడి వికారముగా నుండును. వేసవిలో కాపు తప్పినదని అట్టి చెట్టును నరుకరాదు. పోతు సైతము ఒక్కొక్క కాలమున వ్రేలాడు కాడ చివర చిన్న కాయలు కాయుట కలదు. మ్రానునకు మేకు కొట్టినందున పోతు కాచినదని చెప్పుకొను కథలకు ఇదియే మూలమై యుండునని నా యూహ.

పండిన పండు గింజలకు జిగురుపొర యుండును. అది మొలకను అడ్డును. బూడిదతో రుద్ది, కడిగి, నీడను ఆరబెట్టవలెను. రెండు మూడు వారములలో మొలచును. ఆరడుగుల యెడమున గుంటకు మూడేసి మొక్కలు నాటుడు. సగము పోతులు వచ్చు గింజయైనను, మూడును పోతులగుట సగటున ఎనిమిది గుంటలలో ఒక్కదానికే. పూత చూచిన పిదప గుంటకు ఒక్క చెట్టునుంచి తక్కినవి తీయుడు. పోతులు పుట్టు జాతియైనచో పది పెంటులకు ఒక్క పోతును విధిగా నుంచుడు. మొదట నీరు నిలిచినచో ఒకటి రెండు దినములలోనే చెట్టు కుళ్ళును గనుక కాలువ తీయుడు.

నేను పొరుగువారికి క్రొత్త నారు పోసియిచ్చితిని. ఈ యేడు గోడ మొదట, మా రెండు పెరళ్ళకును కలిపి, ఒక్క పోతు నుంచినాము. అది వారి వైపున నున్నది. దానికి నీరు పోయు పని నాది.