ఒక గది, పలు మెట్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో ఉపాధ్యాయుడు లేచినచో విద్యామహిమను గూర్చి ఉపన్యసించుట ఆచారము. ఆ పని నాకంటె చక్కగ చేయగలవారు ఈ వేదికమీదనే కలరు. నేనొక చిన్న విషయమును మాత్రము తీసికొందును. ఒకే గదిలో, ఒకే ఉపాధ్యాయుని యెదుట కూర్చున్న ముప్పదిమంది పిల్లలు ముప్పది తీరులుగ నుందురు. ఒకనికి చెప్పకముందే తెలియును. ఒకనికి పదిమారులు చెప్పవలెను. వీరికందరికి ఒకే పాఠమును ఒకే వేగమున చెప్పుట యెట్లు పొసగును? అందుకు తగిన సాధనము లెవ్వి?

ఈ ప్రశ్న నాకు ఆలస్యముగ తట్టినది. ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో నేను నాలుగవ తరగతికి భాగహారము చెప్పుచుండగా ఒక బాలుడు నిత్యము కిటికీవైపు చూచుచుండెడివాడు. పిలిచి అడిగినచో తల వంచుకొనెడివాడు. మందబుద్ధి యని నేను నిశ్చయించుకొంటిని. ఒక సాయంకాలము ఊరి వెలుపల వాని తండ్రి మేకలను దొడ్డిలోనికి తోలుచుండెను. అవి ఒకదాని నొకటి త్రోసికొనుచు లోనికి దూరుచున్నంతసేపు బాలుడు పెదవులు కదుపుచు నిలిచి, "నాయనా, రెండు తక్కువ" అనెను. నలుబదికి మించిన మందలో రెండు తగ్గిన సంగతిని కనిపెట్టిన ఆ పిల్లవానికి లెక్కలు రావని నేను రిజిస్టరులో వ్రాసి యుంటిని! వానికి రానిది లెక్క కాదు. నల్లబల్లమీది అంకెలను చదువుట. రెండవ తరగతిలోనే వాడు అచ్చట ఆగిపోయి యుండెను. నేను వానికి రెండేండ్ల దూరమున నిలిచి మాటలాడుచుంటిని. ఇది గ్రహించునప్పటికి సంవత్సరాంతము వచ్చినది. వేసవి సెలవుల పిదప వాడు బడికి రాలేదు.

ఈ విషయమున మన పూర్వపు వీధిబడి నాకంటె తెలివిగ నుండెను. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో జిల్లాలలోని బడుల వివరములు పంపుడని కలెక్టర్లను కోరెను. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు చదువదగినది. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురపు సీమయు చేరి యుండెను. కొన్ని బడులలో తెలుగు, కొన్నింట కన్నడము చెప్పెడివారు. ఆయన లెక్కలో బడులు 533, పిల్లలు 6,641. అనగా బడికి పండ్రెండుమంది. జిల్లా జనములో వేయింటికి ఏడుగురైనను చదువుటలేదని ఆయనయే విచారించెను. బాలికలు 60 మంది మాత్రమే. కాబట్టి ఆ కాలమును నెత్తి కెత్తుకొనుట నా యుద్దేశము గాదు.

కాని ఆ బడిలోని సాధనములను చూడుడు. బిడ్డ అక్షరమును వల్లించుటతో ఆరంభింపడు. ఇసుకలో వ్రేలితో వ్రాయుచు నేర్చును. చేయి తిరిగిన పిదప తాటాకును, కాగితమును ముట్టు అర్హత కలుగును. అచ్చట హెచ్చుగ వాడినవి రెండు. నునుపు చేసి, కొంచెము అన్నమును బొగ్గుపొడిని పూసిన పొడవాటి చెక్కపలక ఒకటి. గంజి పెట్టి, మడతలు మడిచి, బొగ్గును జిగురును పట్టించిన గుడ్డ రెండవది. దీనినే కడితమందురు. వ్రాయుటకు బలపము, తుడుచుటకు తడిగుడ్డ. ఖరీదు స్వల్పము. మఱియొక గుణము కలదు. ఇసుకలో చేసిన తప్పు అరచేయి ఆడించినంతనే చెరిగిపోవును. ఎర్రసిరాతో దిద్దిన తప్పు ఇంటివరకు వెంట వచ్చును.

బడిలో సామాన్యముగ నాలుగు తరగతులుండెడివి. పిల్లవాడు తన శక్తిని, ప్రగతిని బట్టి పైమెట్టున కెక్కెడివాడు. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పెడివారు. అట్లు చెప్పుటలో తమ చదువును గట్టిపడెడిది. ఈ పద్ధతినే ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు మద్రాసులోని అనాథబాలుర శాలలో నడపి, 1797లో లండనున పుస్తకముగ ప్రకటించెను. ఇంగ్లండు బడులును ఇసుకపళ్లెములను తెప్పించుకొనెను.

లోపములు లేకపోలేదు. అర్థ మెరుగని పద్యములను చిలుకవలె వల్లింపజేసెడివారని కాంబెలే వ్రాసెను. ప్రోత్సాహమున కవలంబించిన విధము మఱియు విచిత్రమైనది. ఉదయము మొదట వచ్చినవాని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు. అట్లు వరుసగ పెరుగును. ఊరి చివరి యింటినుండి నడచి వచ్చువాడు ప్రతిదినము సరస్వతికి దూరముగనే యుండి యుండును గదా!

ఆ మెట్ల పద్ధతి ఇటీవలి కాలమున మన నేలమీదనే మరల చిగిర్చినది. మదనపల్లె సమీపమునగల ఋషివ్యాలీలో 1980 దశకము చివరినుండి పద్మనాభరావు, రమ అను దంపతులు చుట్టుపల్లెల చిన్నబడుల కొఱకు పాఠ్యపుస్తకమును విడదీసి చీటీలుగ చేసిరి. ప్రతి చీటీపై ఒక గుర్తు. గోడమీద నిచ్చెన వంటి పటము. బిడ్డ తన మెట్టును తానే వెదకికొని, చీటీ తీసికొని, తగిన గుంపులో కూర్చుండును. కొన్ని చీటీలకు ఉపాధ్యాయుడు కావలెను, కొన్నింటికి తోడిబిడ్డ చాలును, కొన్నింటికి ఎవరును అక్కరలేదు. వేరుసెనగ పీకుడు దినములలో పదునైదు రోజులు బడి మానిన పిల్ల, తిరిగి వచ్చి తాను విడిచిన మెట్టునుండియే సాగును. ఇందులో నాకు ఎక్కువ నచ్చినది ఇదియే. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో 'నలి కలి' యను పేరను, 2003 నుండి చెన్నై నగరపాలక పాఠశాలలలోను ఈ విధానము నాటుకొనెను. అయితే చీటీలు అచ్చొత్తి పంపినంతమాత్రమున పని జరుగదు. ఉపాధ్యాయుడు అందరిచేత ఒకేమారు చదివించినచో అది విడివిడి యాకుల పాఠ్యపుస్తకమే.

నేనును ప్రయత్నించితిని. చింతపిక్కలు, పదేసిగ కట్టిన ఈనెపుల్లలు, పెండ్లిపత్రికల వెనుకవైపు వ్రాసిన మాటల చీటీలు, పళ్లెమున ఏటియిసుక. మొదట తెలివి చాలక కష్టమును బట్టి చీటీలకు రంగులు వేసితిని. వారము తిరుగకముందే మా బడిలో 'ఎర్రచీటీవాళ్లు' అను క్రొత్త కుల మేర్పడినది. వెంటనే రంగులు తీసివేసి చిలుక, తామర, బండి బొమ్మలు వేసితిని. బండి గొప్పదో చిలుక గొప్పదో ఎవరికిని తెలియదు గదా.

అయిదవ తరగతిలో ఒక బాలిక గుణింతముకడనే తడబడుచుండెడిది. చిన్నపుస్తక మిచ్చినచో సిగ్గుపడి త్రోసివేసెడిది. ఒకనాడు ఆమెతో, "అమ్మా, ఒకటవ తరగతి పిల్లలకు శుక్రవారము నీవు కథ చదివి వినిపింపవలెను" అంటిని. చిన్నవారికి చదువుటకు చిన్నపుస్తకమే కావలెను, అందు సిగ్గేమున్నది? నాలుగు దినములు ఇంటివద్ద ఆ ఎనిమిది పుటలను తిప్పితిప్పి చదివినదట. సంక్రాంతి నాటికి కథలపుస్తకముల కొఱకు నన్ను వేధింపసాగెను. మా బడిలో నున్నవి తొమ్మిదే.

అందుకే ఈ సభలో ఇంత మాటలాడితిని. ప్రతి పాఠకునికి వానికి తగిన పుస్తక మందవలెనని రంగనాథన్ గారు 1931లోనే గ్రంథాలయ సూత్రములలో చేర్చిరి. ఆయన గ్రంథాలయమునకు రాకముందు గణితము చెప్పిన ఉపాధ్యాయుడు. మన గ్రంథాలయమున బాలల పుస్తకములు పై అరలో, తాళము వెనుక నున్నవి. చినుగునను భయము న్యాయమైనదే. కాని చినుగని బాలల పుస్తకమును ఎవరును చదువలేదని అర్థము. వానిని క్రింది అరకు దింపి, సాయంకాలము ఒక గంట తెరచి యుంచుటకు కార్యవర్గమువారు అంగీకరింపవలెనని నా ప్రార్థన. పుస్తక మిచ్చునప్పుడు "నీ వే తరగతి?" అని మాత్రము అడుగవలదు. పిల్ల తనకు నచ్చినదానిని తీసికొనిపోనిండు.

మీ యిండ్లలోని పాత పెండ్లిపత్రికలను పారవేయక ఇచ్చట ఇయ్యుడు. నేనొక పెట్టెలో రెండువందల చీటీలు తెచ్చితిని. వార్తాపత్రికల బల్లప్రక్కన ఉంచి పోవుదును. పోయినవానిని, చినిగినవానిని నెలకొకసారి వచ్చి మరల వ్రాసి పెట్టెదను.