ఉప్పెనయు ప్రవచనమును

యుగాంత సూచనలలో సముద్రఘోష యొకటియని లూకా సువార్త చెప్పుచున్నది. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివైచినది. బెజవాడ మొదలు బందరు వరకు నివసించు మనకు ఆ మాట వట్టి యలంకారము కాదు.

దివిసీమలో పోయిన సుమారు 10,000 ప్రాణములు దైవశిక్షకు గురియైనవనవచ్చునా? అనరాదు. సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది మరణింపగా, వారు తక్కినవారికంటె అపరాధులు కారని యేసు చెప్పెను. మారుమనస్సు పొందుడని బ్రతికియున్నవారినే హెచ్చరించెను. యుగాంతమునకు తేదీలు కట్టువారి మాట యిక్కడ నెత్తనక్కరలేదు. ఆ దినమెవడు నెరుగడని మత్తయి సువార్తలోనే యున్నది.

యోనా కథ చూడుడు. నలువది దినములలో నీనెవె నాశనమగునని అతడు చాటెను. ప్రజలు విని మారిరి, నగరము నిలిచెను. దానికి అలిగినవాడు, పాపము, ప్రవక్త యొక్కడే!

1977 తరువాత కాసా మొదలగు క్రైస్తవ సేవాసంస్థలు మన తీరమున తుపాను ఆశ్రయములను కట్టించినవి. 1990 మే 9న మరల ప్రచండమైన తుపాను కృష్ణా ముఖద్వారము దాపున తీరము దాటెను. హెచ్చరిక ముందే అందెను. లక్షకు మించిన జనులు తావులు విడిచి తరలిరి. ఈసారి రాష్ట్రమంతట మృతులు వేయికి లోపు.