వ్యాధికాలమున ప్రయాణపు చీటి



అంటువ్యాధి ప్రబలినపుడు బాటసారిచేత చీటి చూపించుట క్రొత్త ఆచారము కాదు. 1896లో బొంబాయియందు ప్లేగు పొడసూపగా, మరుసటి యేటనే అంటువ్యాధుల చట్టము పుట్టెను. నాడు మన కర్నూలుసీమ చెన్నపురి రాజధానిలోనిది. తెగులుగల చోటులనుండి వచ్చువారికి ఆ రాజధానిలో ప్లేగు పాసుపోర్టు లిచ్చెడివారు. అది పుచ్చుకొన్నవాడు కొన్ని దినములు అధికారికి కనబడుచుండవలెను. ఏమైనను అది కాగితము. అక్షరము వచ్చినవాడెవడైనను చదువగలిగెడివాడు.

కరోనా కాలమున ఆ చీటి సెల్లుఫోనులోని కెక్కెను. 2021 జనవరి 16న టీకాలు ఆరంభమైనపుడు కోవిన్ అను యేర్పాటు వచ్చెను. టీకా పొందినవారికి దానినుండి ధ్రువపత్రము వెలువడును. అందొక నల్లని గళ్ల గుర్తు కలదు. దానిని యంత్రము చదువునుగాని, బడిలో అక్షరములు దిద్దించిన నాబోంట్లు చదువలేరు. దొంగపత్రములను పట్టుటకు అది మంచి యుపాయమే, కాదనను.

చిక్కు మరియొకచోట నున్నది. ఆ యేడు మే 1 నుండి 18-44 ఏండ్లవారు ముందుగా ఫోనులోనో కంప్యూటరులోనో పేరు నమోదు చేసికొన్నగాని టీకా లేదనిరి. మా పాములపాడువంటి యూళ్లలో మీటల ఫోనుతోనే కాలము గడపువారు ఎందరో! దేశమున పలుచోట్ల పట్టణవాసులు చురుకైన వ్రేళ్లతో పల్లె కేంద్రములలోని తావులను దక్కించుకొని, కార్లలో వచ్చి టీకా వేయించుకొని పోయిరి. మే 24న ప్రభుత్వ కేంద్రములలో అక్కడికక్కడే నమోదు చేయుటకు అనుమతి కలిగెను. మే 31న సుప్రీంకోర్టు ఈ విషయమై కేంద్రప్రభుత్వమును గట్టిగా ప్రశ్నించెను.

ఇంతకన్న నన్ను కలచినది పుల్లూరు సంగతి. కర్నూలు విడిచి తుంగభద్ర దాటినంతనే తెలంగాణపు తనిఖీచోటు. 2021 మే నెలలో హైదరాబాదునకు పోవు అంబులెన్సులను అచ్చట నిలిపిరి. ఆసుపత్రి సమ్మతియు, దానిపై అనుమతిపత్రమును కావలెననిరి. ఊపిరాడని తండ్రి ప్రక్కన గూర్చున్న కొడుకు ఆ వేళ ఫోనులో చీటికై వెదకుకొనవలెనా? మే 14న తెలంగాణ హైకోర్టు ఆ యుత్తరువును నిలిపివేసెను.

విదేశములకు పోవువారి తంటా వేరు. మొదట ధ్రువపత్రమున వయస్సే యుండెను. పిమ్మట వారికొరకు పుట్టినతేదీ చేర్చిరి. మన పెద్దలలో ఎందరికో బడిలో వేసిన జూలై 1వ తేదీయే జన్మదినము గదా! ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక నున్నచో పాసుపోర్టుతో పొసగదు. కోవాగ్జిన్ వేయించుకొన్నవారికైతే, 2021 నవంబరు 3న ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని గుర్తించువరకు పెక్కు దేశములలో ఆ పత్రము చెల్లనేలేదు.

2022 మే 2న సుప్రీంకోర్టు, ఎవ్వరికిని బలవంతముగా టీకా వేయరాదనియు, వ్యాధి తగ్గియున్న యప్పటి స్థితిలో టీకా లేనివారిని బహిరంగస్థలములకు రాకుండ ఆపుట తగదనియు తీర్పు చెప్పెను. టీకా మేలుచేయునని నేను నమ్మినవాడనే. అయినను ఆ తీర్పు నాకు సమ్మతము.