జపాను భాషకు తెలుగు మెట్టు



జపాను దేశమునకు పనికై పోవనెంచుచున్న పిల్లలు నేడు మన పల్లెలలోను కలరు. 2019వ సంవత్సరము ఏప్రిలు నెల నుండి ఆ దేశము వృద్ధుల పరిచర్య, వ్యవసాయము, గృహనిర్మాణము మొదలగు వృత్తులలో నేర్పు గల పరదేశీయులకు ప్రత్యేకముగ అనుమతి నిచ్చుచున్నది. ఈ విషయమున 2021 జనవరిలో మన దేశముతో ఒడంబడిక కుదిరినది. అయితే వృత్తి తెలిసినంత మాత్రమున చాలదు. జపాను భాషాపరీక్షలో కూడ కృతార్థులు కావలయును. "ఇంగ్లీషే సరిగా రాని మా పిల్లవానికి జపాను భాష వచ్చునా?" అని పెద్దలు సందేహించుట సహజమే. ఆ భాషకు ఇంగ్లీషు మీదుగా పోవుటకంటె తెలుగు మీదుగా పోవుట దగ్గరి దారి యని నేను మనవి చేయుచున్నాను. అదెట్లో వినుడు.

మొదట అక్షరములను చూతము. వారి అచ్చులు అయిదు: అ, ఇ, ఉ, ఎ, ఒ. పిదప క, స, త, న, హ, మ, య, ర, వ అను వరుసలు వచ్చును. ఇది మన వర్ణమాల క్రమమునకు మిక్కిలి దగ్గరగ నున్నది. బౌద్ధగ్రంథములతో పాటు సంస్కృత వర్ణములను అభ్యసించిన జపాను భిక్షువుల వలన ఈ క్రమ మేర్పడినదని పండితులు చెప్పుదురు. చవర్గ ముండవలసిన చోట సకారమును, పవర్గ ముండవలసిన చోట హకారమును ఉన్నవి. పూర్వకాలమున ఆ హల్లుల ఉచ్చారణ ౘ, ప లకు దగ్గరగ నుండుటయే ఇందుకు కారణమందురు. ఆ కాలపు రాకపోకలకు బోధిసేనుడే సాక్షి. మన దేశపు భిక్షువగు ఆయన 736లో జపాను చేరి, 752లో నారా నగరమందలి తోదైజీ ఆలయమున మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము చేసెను.

ఉచ్చారణమున తెలుగువానికి గల లాభము మరియొకటి. 'పడు' వేరు, 'పాడు' వేరు. 'కల' వేరు, 'కల్ల' వేరు అని మన పిల్లలకు వేరుగ నేర్పనక్కరలేదు. జపాను భాషయందును అంతే. 'ఒజిసన్' అనిన మామ లేక బాబాయి. 'ఒజీసన్' అనిన తాత. 'కితె' అనిన వచ్చి; 'కిత్తె' అనిన తపాలా బిళ్ల. 'చుట్టము'లోని దంత్య చకారము, 'జడ'లోని దంత్య జకారము వారికిని కలవు. నీటిని వారు 'మిౙు' అందురు. ట, డ లు, ఒత్తక్షరములు, లకారము వారికి లేవు. ఆ చోట్ల మనవాడు నాలుకను అదుపులో నుంచుకొనవలెను.

ఇక వాక్యము. 'వతశి వ మిౙు ఒ నొమిమసు' అనగా 'నేను నీళ్లను త్రాగుదును'. కర్త ముందు, కర్మ నడుమ, క్రియ చివర. 'ఒ' అనునది మన 'ను' వంటి ద్వితీయావిభక్తి. 'ని' యనగా కు, 'కర' యనగా నుండి, 'మదె' యనగా వరకు, 'నొ' యనగా యొక్క. ఇవన్నియు మన విభక్తులవలె నామము తరువాతనే వచ్చును. 'వచ్చితిరా' అనుటలో మన మొక ఆకారమును చివర చేర్చినట్లు వారు 'క' చేర్చుదురు. 'ఎకి వ దొకొ దెసు క' అనగా 'స్టేషను ఎక్కడ?' అని. 'తాబెతె' వంటి పలుకులేమియు కాక 'తబెతె' అని హ్రస్వముగ పలికిన 'తిని' యని అర్థము. అది మన క్త్వార్థకమే. 'తబెతె మిమసు' అనగా 'తిని చూచెదను'. రుచి చూచుటను మనవలెనే వారును 'చూచుట'తో చెప్పుదురు! క్రియయందు పురుష, లింగ, వచన భేదములు లేవు గనుక ఆ శ్రమయు తప్పినది.

ఇంత పోలిక యున్నను, రెండు భాషలకు చుట్టరికము కలదని చెప్పరాదు. సుసుము ఓనో అను జపాను పండితుడు తమిళముతో అట్టి సంబంధమును చూప యత్నించెను గాని దానిని భాషాశాస్త్రజ్ఞులలో అధికులు అంగీకరింపలేదు. పోలిక మనకు మెట్టుగ నుపయోగించిన చాలును.

కష్ట మెక్కడ? వ్రాతలో. హిరగన, కతకన అను రెండు లిపులకు ఒక్కొక్కదానికి 46 మూలాక్షరములు. శ్రద్ధ యున్న పిల్లవానికి నెలదినములలో పట్టుబడును. వాని మీద చీనా నుండి వచ్చిన కంజి అను భావాక్షరములు కలవు. నిత్యోపయోగమునకని 2010లో ప్రభుత్వము ప్రకటించిన పట్టికలో నవి 2136. ఒకే అక్షరమునకు తరచుగ రెండు పఠనములు. మనము 'నీరు' అను దేశ్యమునకును 'జలము' అను తత్సమమునకును ఒకే గుర్తు పెట్టినట్లూహింపుడు. నీటి గుర్తు ఒంటరిగ నున్నప్పుడు 'మిౙు'. బుధవారమను మాటలో 'సుయి'. కావున దినమునకు రెండుమూడు చొప్పున, వాక్యముతో కలిపి, వ్రాసి వ్రాసి నేర్వవలెను. తెలుగు లిపిలో వ్రాసికొనుట తొలి వారములకు ఊతకర్ర. పిదప దానిని విడువవలెను.

మర్యాద విషయమున మన పెద్దలే మంచి గురువులు. మనము 'గారు' అనునట్లు వారు ఇతరుల పేరునకు 'సన్' చేర్చుదురు. తన పేరునకు ఎవడును చేర్చుకొనడు. తన తండ్రిని పరులతో చెప్పునపుడు 'చిచి'. ఎదుటివాని తండ్రిని 'ఒతోసన్'.

ఇక నొక హెచ్చరిక. "భాష లేకున్నను పంపెదము, సొమ్ము కట్టుడు" అను మధ్యవర్తిని నమ్మవలదు. సాధారణముగ అయిదు మెట్ల పరీక్షలో క్రిందినుండి రెండవదియగు ఎన్-4 గాని, తత్సమానమగు మరియొక పరీక్ష గాని గడువవలెను. వృద్ధుల పరిచర్యకు పోవువారికి ఆ వృత్తి భాషలో వేరుగ పరీక్ష కలదు. అది న్యాయమే. మంచము పట్టిన ముదుసలి 'ఇతయి' అని మూలిగినపుడు, నొప్పి యనుచున్నాడని తెలియనివాడు పరిచారకు డెట్లగును?

కాబట్టి పెద్దలారా, మీ మనుమడు ఆ పుస్తకము తెరచినపుడు 'మాకేమి తెలియును' అని దూరముగ నుండకుడు. విభక్తు లడుగుడు, హ్రస్వదీర్ఘములు వినుడు, తెలుగువాక్యము చెప్పి అదే వరుసలో మాటలు పేర్చుమనుడు. ఇల్లు విడుచునపుడు మనము 'పోయెదను' అనము. 'వెళ్లి వచ్చెదను' అందుము. జపానువారును గడప దాటుచు 'ఇత్తె కిమసు' అందురు. 'ఇత్తె' యనగా వెళ్లి. 'కిమసు' అనగా వచ్చెదను. ఇంటనున్నవారు 'ఇత్తెరశ్శయి' అని, వెళ్లి రమ్మని, బదులు పలుకుదురు. ఆ బదులు మాటను మీరును నేర్చియుంచుడు.