పిట్టకు పెట్టిన రొట్టె

(జహీరాబాదు సమీప గ్రామమున పెత్రమాసనాడు కూడిన సభలో చేసిన ప్రసంగము)



భాద్రపద బహుళ అమావాస్య మన తెలంగాణ ప్రాంతమున పెద్దల పండుగ. దీనినే పెత్రమాస యని పిలుచుచున్నాము. ఉదయము గతించిన పెద్దల పేరిట బియ్యము, పప్పు, కూరగాయలు ఇచ్చుకొని, సాయంకాలము ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుకొందుము. ఈ దినమున పెద్దలను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మీరు కోరితిరి. మా యింటి ముచ్చటనే చెప్పదలచితిమి.

మా అవ్వ గత మాఘమాసమున గతించినది. ఇది ఆమె పేరిట తొలి పెత్రమాస. మూడవనాడు పిట్టకు పెట్టుటకై విస్తరి సిద్ధపరచితిమి. తెల్లని అన్నము, పప్పు, గారెలు, పట్టణమునుండి తెచ్చిన మిఠాయి, అన్నియు లోటు లేకుండ పెట్టితిమి. చాలసేపు నిరీక్షించితిమి. కాకులు చెట్టుమీదనే యుండెను గాని దిగలేదు. అంతట పొరుగింటి ముసలమ్మ, "బిడ్డా, మీ అవ్వ బుద్ధెరిగినకాడినుంచి జొన్నరొట్టె తిన్నది. ఆమె తిన్నది పెట్టకుంటే పిట్ట ఎట్లొస్తది?" అన్నది. మాకు మాట రాలేదు. ఇంటినిండ జనమున్నను, ఆడవారిలో గాని మగవారిలో గాని రొట్టె తట్టగలవారు ఒక్కరును లేరు. జొన్నపిండియు లేదు. ఆమెయే తన యింటినుండి పిండి తెచ్చి, రెండు రొట్టెలు తట్టి, ప్రక్కన పుంటికూర పెట్టినది. పిట్ట ముట్టినది. కాకి రొట్టె నెరిగి వచ్చినదో, జనులు దూరముగా జరుగుటచే వచ్చినదో, మేము వాదింపము. అవ్వ చేతి రొట్టెను ఇన్నేండ్లు తిన్న మేము ఒక్కనాడైనను ఆ పొయ్యిముందు కూర్చుండి నేర్వలేదని మాత్రము అప్పుడు తెలిసినది.

రొట్టె తట్టుట తేలికయని తలచువారు ఒకమారు ప్రయత్నించి చూడుడు. గోధుమపిండికున్న సాగుడు జొన్నపిండికి లేదు. కావున మసలు నీరు పోసి కలుపవలెను. అవ్వ పిండిని దినములకొలది నిలువ ఉంచెడిది కాదు. పాతపిండి రొట్టె అంచులు విచ్చును. ముద్దను అరచేత బాగుగ మెదిపి, పీటమీద త్రిప్పుచు తట్టెడిది. పెనముమీద వేసి, పైన తడిగుడ్డతో నీరద్ది, తిరగవేసి, చివరకు నిప్పుల ప్రక్క నిలువబెట్టగా పొంగెడిది. ఆ తొలి రొట్టెకై అన్నదమ్ములము పోట్లాడుకొనెడివారము. చలికాలమున దానితో ఎల్లిపాయ కారము, కుసుమనూనె ఉన్న చాలు, మరేమియు అక్కరలేదు.

మరి ఆ పిండి యింటినుండి ఎట్లు పోయినది? నింద ఒకరిపై మోపుటకు వీలులేదు. 1983లో రెండురూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చినది. ఆకలిగొన్న యిండ్లకు అది గొప్ప మేలు. పండుగకు మాత్రమే అన్నము వండిన యిండ్లలో అది నిత్యాహారమైనది. అవ్వయు సంతోషించినది. కాని జొన్న తిననివాడు జొన్న ఏల విత్తును? మన చేలలో చెరకు, అల్లము, ఆలుగడ్డ పెరిగినవి. జొన్న తగ్గినది. దానితో కలిపి వేయు అనుము, అలసంద, కంది తగ్గినవి. పశువులకు సొప్పయు తగ్గినది.

అవ్వ గది సర్దునప్పుడు అటుకమీద పేడతో అలికిన గంప యొకటి దొరికినది. మూత కదలకుండ మట్టితో మెత్తియున్నది. లోపల బూడిద, ఎండిన వేపాకు, వాని నడుమ తెల్లజొన్న, కొర్ర, అనుముల మూటలు. ఆమె నడుము వంగిన పిమ్మట చేనును కౌలుకిచ్చితిమి. గంప నెవరును తెరువలేదు. దాచినకొలది నిలుచుటకు విత్తనము నగ కాదు. మరల మరల భూమిలో పడకున్న దాని మొలకశక్తి నశించును. తడిగుడ్డలో కట్టి చూచితిమి. జొన్నలలో సగము మొలచినవి, అనుములు కొన్ని. కొర్ర ఒక్కటియు మొలవలేదు.

మన ప్రక్కనే పస్తాపూరు కేంద్రముగా దక్కను డెవలప్‌మెంటు సొసైటీ యున్నది గదా. అదియు 1983లోనే మొదలైనది. దాని మహిళా సంఘములలో ఎక్కువమంది దళిత స్త్రీలు. విత్తనము తీసికొన్నవారు పంట పిమ్మట రెట్టింపు తిరిగి యిచ్చుట వారి రీతి. ఎడ్లబండ్లపై విత్తనముల గంపలను ఊరూర త్రిప్పు పాతపంటల జాతరను మీలో చాలమంది చూచియే యుందురు. 2008లో వారు మాచునూరున సంఘం రేడియో నెలకొల్పిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమతి వచ్చినది. 2023ను ప్రపంచమంతయు చిరుధాన్యముల సంవత్సరముగా జరుపుకొన్నది. అంత గౌరవము పొందిన ధాన్యము మా అటుకమీద మూటలో చచ్చియున్నది!

ఆ సంఘముల స్త్రీ యొకామె మాకు సోలెడు కొర్రలిచ్చినది. తొలకరిలో విత్తితిమి, పండినవి, రెట్టింపు కొలిచి యిచ్చితిమి. అవి అవ్వ విత్తిన రకమేనా యని అడిగితిమి. ఆమె గింజలను అరచేత పోసికొని చూచి, ఆ మాట మీ అవ్వయే చెప్పవలెనన్నది.

నేటి ఉదయము అవ్వ పేరిట బియ్యముతోపాటు సేరు జొన్నలును ఇచ్చితిమి. అయ్యవారు కొంచెము ఆశ్చర్యపడినను సంతోషముతోనే పుచ్చుకొనిరి. గంపలోని తెల్లజొన్నను ఈ యాసంగికి రెండు గుంటల నల్లరేగడిలో, కొంత ఒత్తుగా విత్తనున్నాము. ఎల్లమాసనాడు మీరందరును మా చేనికి దయచేయుడు. బజ్జి పొరుగింటి ముసలమ్మ వండెదనన్నది. రొట్టెలు మాత్రము ఈసారి మేమే తట్టెదము. అంచులు విచ్చినను తప్పుపట్టక తినవలెను.