కోరిక జాడలో ఒక పెప్టైడు



మన పెద్దలు కామాన్ని పురుషార్థాలలో ఒకటిగా లెక్కించారు. దానికి అధిదేవత అయిన మన్మథుణ్ణి మాత్రం అనంగుడన్నారు. శరీరం లేకుండానే ప్రాణుల హృదయాలను కలచగలవాడని భావం. ఆ అనంగుని జాడను ఈనాడు శాస్త్రజ్ఞులు మెదడులోను, రక్తంలోను వెదకుతున్నారు. వారి చేతికి చిక్కిన ఆధారాలలో ఒకదాని పేరు కిస్‌పెప్టిన్.

ఇంటిల్లిపాదీ వినే రేడియోలో ఈ ప్రసక్తి ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. దంపతులలో ఒకరికి కోరిక సన్నగిల్లినప్పుడు రెండవవారు దానిని నిర్లక్ష్యమనో, మనసు విరిగినదనో శంకిస్తారు. నోరు విప్పి చెప్పుకొనడానికి సిగ్గు. వైద్యుని అడుగడానికి అంతకంటె సిగ్గు. ఆ మౌనంలో కుమిలిపోయే కాపురాలు కలవు. కనుక తెలిసికొనడమే మేలు.

ఈ కథ ప్రణయంతో కాక, వ్యాధితో ఆరంభమైనది. 1996లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, హెర్షీ అనే ఊరి వైద్య కళాశాలలో డానీ వెల్చ్ బృందంవారు చర్మపు క్యాన్సరు ఇతర అవయవాలకు ప్రాకకుండా అడ్డుపడే ఒక జన్యువును కనుగొన్నారు. ఆ ఊరు చాకొలెట్లకు ప్రసిద్ధి. అక్కడి 'కిస్సెస్' చాకొలెట్ల పేరు మీదుగా జన్యువుకు కిస్-1 అని పేరు పెట్టారు. 2001లో ఆ జన్యువు నుండి పుట్టే పెప్టైడు, అది తగులుకొనే గ్రాహకము తెలిసినవి. పెప్టైడు అంటే అమైనో ఆమ్లాలను పూసలవలె గ్రుచ్చిన చిన్న దండ. ఈ దండలో 54 పూసలున్నవి.

2003లో ఫ్రాన్సు, అమెరికా పరిశోధకులు వేర్వేరుగా, వయసు వచ్చినా యౌవనం రాని కొందరిని పరీక్షించారు. వారిలో ఆ గ్రాహకమే చెడి ఉన్నది. దానితో కిస్‌పెప్టిన్ అసలు ఉద్యోగం బయటపడినది. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌లో అది మరొక హార్మోనును విడతలు విడతలుగా విడుదల చేయిస్తుంది. ఆ హార్మోను పీయూష గ్రంథిని, పీయూష గ్రంథి వృషణాలను లేదా అండాశయాలను మేల్కొలుపుతవి. యౌవనానికి తలుపు తీసే తాళపుచెవి ఇదే అన్నమాట.

మరి దీని జాడ పట్టడం ఎట్లా? రక్తంలోనికి ఎక్కించిన ఈ పెప్టైడు సుమారు అరగంటలో సగానికి తరిగిపోతుంది. అందుచేత పరిశోధకులు దానికి మాత్రమే అంటుకొనే ప్రతిరక్షకాల సహాయంతో కొలుస్తారు. పది నిమిషాల కొకసారి రక్తం తీసి, పీయూష గ్రంథి స్రావాల ఎగుడు దిగుడులను గుర్తిస్తారు. అయితే రక్తంలోని అంకె కోరికకు కొలబద్ద కాదు. గర్భిణీ స్త్రీ రక్తంలో ఇది వేల రెట్లు పెరుగుతుంది. ఆ అధిక భాగం మావి నుండి వచ్చేదే. మెదడులో జరిగే పని వేరు, రక్తంలో కనిపించే లెక్క వేరు.

ఆ మెదడు పనిని చూడడానికే లండన్ ఇంపీరియల్ కళాశాలలో వల్‌జిత్ ఢిల్లో, అలెగ్జాండర్ కామ్నినోస్ ప్రభృతులు స్కానింగు యంత్రాన్ని ఆశ్రయించారు. 2017లో 29 మంది ఆరోగ్యవంతులైన యువకులపై పరీక్ష ప్రకటించారు. పిమ్మట కోరిక తగ్గి, అందుకు బాధపడుతున్న 32 మంది స్త్రీలపై 2022లోను, 32 మంది పురుషులపై 2023లోను ఫలితాలు వెలువడినవి. ప్రతివారికి ఒకసారి కిస్‌పెప్టిన్, మరొకసారి ఉత్త ద్రవం ఎక్కించారు; ఏది ఎప్పుడో వారికి తెలియనివ్వలేదు. కిస్‌పెప్టిన్ ఎక్కించినప్పుడు కోరికకు సంబంధించిన మెదడు భాగాల పనితీరు మారినది. పురుషులలో శరీర స్పందన సైతం హెచ్చినది.

ఇంతమాత్రాన మందు సిద్ధమైనదని అనుకొనరాదు. పట్టుమని నలభై మంది లేని పరీక్షలు దారి చూపగలవే గాని గమ్యం చేర్చలేవు. పెప్టైడుల పేరిట అమ్మే సీసాలను నమ్మి సొంతంగా సూదులు పొడుచుకొనడం అపాయం. కోరిక తగ్గడానికి మధుమేహం, థైరాయిడ్ లోపం, మనోవ్యాకులత, వాడుతున్న మందులు, పసిబిడ్డకు పాలిచ్చే తల్లి అలసట, ఇంటి కలహం, వీనిలో ఏదైనా కారణం కావచ్చును. ముందు వాటిని వైద్యునిచేత విచారింపజేయాలి.

ఒక్క మాట మాత్రం నిశ్చయం. కోరికకు శరీరంలో వేళ్లున్నవి. అది సన్నగిల్లడం నేరం కాదు, ప్రేమ లేమికి రుజువూ కాదు. ఈ రాత్రి ఏ ఇంటనైనా నింద మాని, "నీకు ఒంట్లో బాగుండడం లేదా?" అని ఒకరు రెండవవారిని అడిగితే, ఈ ప్రసంగం సార్థకమైనట్లే.